తాగని నెయ్యి

ఇంకా రాలేదు. టవర్ దగ్గర బయల్దేరి మా కొల్హాపూర్ రంకాళా చెరువు చుట్టూ తిరిగి మళ్లీ ఈ రాతిగోడ దగ్గరికి రావడానికి మా తమ్ముడు విలాస్‌కి యాభై నిమిషాలు పడుతుంది. పాత కుస్తీ స్నేహితుడెవడైనా ఎదురై భుజం మీద చెయ్యేస్తే యాభై ఐదు. ఇవాళ గంట దాటి ఇంకో పది నిమిషాలైంది. అవతలి ఒడ్డున శాలినీ ప్యాలెస్ గడియారం మంచులో మసకగా ఉంది, దాని ముళ్లు కనబడవు, కనబడ్డా నేను నమ్మను, విలాస్ ఫోనులోనే టైము చూశాను. వాడి ఫోను నా ఒళ్లో ఉంది. వాడి నీళ్ల సీసా, వాడి శాలువా కూడా నా ఒళ్లోనే ఉన్నాయి. ఫోను చేతిలో ఉంటే దార్లో ఏ బల్ల మీదో కూర్చుని కుస్తీ వీడియోలు చూస్తాడని రోజూ నేనే లాక్కుంటాను, మహా తెలివైనదాన్ని, ఇప్పుడు వాడికి ఏమన్నా అయితే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు? ఏమన్నా అయితే అని ఎందుకు అనుకున్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఏమీ కాదు, నిన్నటితో గండం దాటింది కదా. నిన్న వాడికి నలభై ఏడు నిండాయి. మా నాన్నకు, మేం ఆబా అని పిలిచేవాళ్లం, ఆయన నలభై ఏడు నిండకుండానే పోయాడు. అంటే నిన్న పొద్దుటి నుంచి మా తమ్ముడు మా నాన్న కన్నా పెద్దవాడు. నిన్న వాడి దగ్గర కుస్తీ నేర్చుకునే తాలింఖానా కుర్రాళ్లు కేకు తెచ్చి వస్తాదు మూతికి పూస్తుంటే ఇల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే వాడు ఎంత ముక్క మింగాడో కనిపెట్టాను.

మా ఇంట్లో ఒక లెక్క ఉంది, వేళ్ల మీద వేస్తారు. చిటికెన వేలు తాత, బెల్లం కాగుతున్న పొయ్యి దగ్గర కూలబడ్డాడు. ఉంగరం వేలు ఆబా. నడిమి వేలు బాబాయి, సాంగ్లీ నుంచి బస్సులో వస్తూ సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, స్టాండులో కండక్టరు లేపితే లేవలేదు. ముగ్గురూ వస్తాదులు, ముగ్గురూ గుండెతోనే పోయారు, ముగ్గురి ఫోటోలూ భుజం మీద గదతో మా వీధి తాలింఖానా గోడకి ఉన్నాయి. పెళ్లి మాటలకొచ్చిన చుట్టాలైనా, పరామర్శకొచ్చిన చుట్టాలైనా, వెళ్లే ముందు ఎవరో ఒకరు ఈ మూడు వేళ్లూ మడుస్తారు, మడిచి చూపుడు వేలు దగ్గర ఆగి, విలాస్ వైపు ఒక్క చూపు చూసి, గబుక్కున చెయ్యి కిందికి దించేస్తారు. ఆ చూపు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి మా పెద్దమ్మ అలా చూస్తే, "నీ వేళ్లు నీ దగ్గర పెట్టుకో పెద్దమ్మా, మా వాడి జోలికి రాకు," అన్నాను, ఆవిడ ఏడాది పాటు మా గడప తొక్కలేదు. తొక్కకపోతే పోనీ. వాడి పెళ్లాం మంగల్ మెత్తని మనిషి, ఇలాంటివి అనలేదు, అందుకే మా ఇంట్లో కటువు మాటలన్నీ నా వాటా.

ఆబా పోయింది కూడా ఇలాంటి చలికాలం పొద్దున్నే. ఎర్రమట్టి గోతిలో నిలబడి కుర్రాళ్లకు పట్లు నేర్పుతున్నవాడు రొమ్ము పట్టుకుని "నరం పట్టింది" అన్నాడట. వస్తాదు రొమ్ము పట్టుకుంటే నరం పట్టిందనే అనుకుంటారు, వాళ్లకు వేరే జబ్బు తెలియదు. నలుగురు శిష్యులు ఆయన్ని మట్టి మీద పడుకోబెట్టి నూనె రాసి మర్దనా చేశారు, ఎంత ప్రేమగా చేశారో, ఒకడు వీపు మీద మోకాలు ఆన్చి మరీ తొక్కాడు. ఇంటికి కబురొస్తే అమ్మ గిన్నెడు నెయ్యి కాచి వేడి పాలలో పోసి చెంబు నా చేతికిచ్చింది. అప్పుడు నాకు ఇరవై, విలాస్‌కి పదహారు. నేను ఆ సందుల్లో చుక్క ఒలకకుండా పరిగెత్తాను. తాలింఖానా లోపలికి ఆడవాళ్లు వెళ్లకూడదు, గడప బయట నిలబడి చెంబు అందించాను. ఆబా తాగాడు. "హాయిగా ఉంది ఇప్పుడు" అన్నాడు, గొంతు వినబడింది గాని మనిషి కనబడలేదు. పది నిమిషాల తర్వాత లోపల ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. ముప్పై ఏళ్లు దాటిపోయాయి, ఆ చెంబు నేను ఇచ్చానన్నది మాత్రం నన్ను వదల్లేదు. ఒలికిపోయి ఉంటే బావుండేదేమో, దార్లో కాలు జారి పడి ఉంటే బావుండేదేమో, నెయ్యితో కాకపోయినా ఆయన పోయేవాడేనని ఇప్పుడు విలాస్‌ని చూసే డాక్టరమ్మ ఎంత చెప్పినా ఆ చెంబు వేడి నా అరచేతుల్లో అలాగే ఉంది.

అందుకే విలాస్ విషయంలో నేను రాక్షసినయ్యాను. పోయిన జనవరిలో జోతిబా గుట్ట మెట్లెక్కుతుంటే రొమ్ములో బరువుగా ఉందన్నాడు, మర్దనా చేయిస్తానని మంగల్ అంటే నేను దాని చెయ్యి పట్టుకు లాగేసి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ డాక్టరమ్మ చిన్నది, మా మంగల్ చెల్లెలంత ఉంటుంది, కాగితం మీద గొట్టం గీసి సగం దాకా నల్లగా పూసి చూపించింది, ఇప్పటికి మందులతో, నడకతో, తిండితో ఆపవచ్చు, ఆపకపోతే ఇంతే అని మిగతా సగం కూడా పూసింది. ఆ కాగితం మా వంటింట్లో ఉప్పు డబ్బా పైన అతికించాను. పొగాకు మానిపించాను, తలగడ కింద దాచినది, గద పిడిలో దాచినది, బాత్‌రూం చూరులో దాచినది అన్నీ పట్టుకున్నాను. వాడు టిఫినుకెళ్లే మిసళ్ హోటలువాడికి వెళ్లి చెప్పొచ్చాను, మా వాడికి కూరలో నూనె తేల్చి పెట్టావంటే నీ కొట్టు ముందే కూర్చుంటానని. "అక్కా, నువ్వు డాక్టరువా, జైలరువా?" అంటాడు విలాస్. "రెండూనూ. నోరు మూసుకుని తిను." "ఇందులో ఉప్పేదీ?" "నీ నాలుక మీద ఉంది, తిట్టడం మానేస్తే తెలుస్తుంది." మొదటి వారం ఈ చెరువు చుట్టూ సగం కూడా నడవలేక కూర్చుండిపోయాడు. ఒడ్డున గుడిలో ఉన్న నంది రోజూ గోధుమగింజంత ముందుకు జరిగి బియ్యపుగింజంత వెనక్కి జరుగుతుందంటారు మా ఊళ్లో, "నేనూ ఆ నంది లాంటివాణ్ణే అక్కా, వారమంతా ముందుకి, ఆదివారం వెనక్కి" అనేవాడు. ఆదివారం అంటే మటన్. మటన్ మానమంటే కొల్హాపూర్‌లో మనిషిని ఊరొదిలి పొమ్మన్నట్టే, అందుకని నెలకి రెండు ఆదివారాలని డాక్టరమ్మతో బేరమాడి ఒప్పించాను. మటన్ రస్సా పులుసు పైన ఎర్రగా తేలే నూనెనంతా గరిటెతో తీసి పక్క గిన్నెలో పోసి, అడుగున మిగిలిన పలచటి నీళ్లు వాడికి పోస్తాను. పాల మీద మీగడ కూడా అంతే, వేలితో చుట్టి తీసేస్తాను. నిన్న పుట్టినరోజని ఒక్క గరిటెడు ఎర్రనూనె అడిగాడు, చిన్నపిల్లాడిలా అడిగాడు, ఇవ్వలేదు. మొహం మాడ్చుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ పక్క గిన్నెలోది పారేయడానికి నాకు చేతులు రావు, మసాలా నూరి, కొబ్బరి వేయించి, గంటసేపు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి ఎలా వస్తాయి, జొన్నరొట్టెతో తుడిచి నేనే తినేస్తాను. మీగడ చక్కెరతో. మంగల్‌కి వెగటు, పడదు. నాకేం, నా గుండెకేం ఢోకా. డాక్టరమ్మ ఆ రోజు, "ఇది మీ రక్తంలో ఉంది, తోబుట్టువులు కూడా చూపించుకోవాలి, మీరూ ఒక రోజు రండి" అంటే నేను గట్టిగా నవ్వాను. "నాకెందుకమ్మా, మా ఇంట్లో ఇది నెయ్యి తాగిన వాళ్ల జబ్బు. బాదంపాలూ, నెయ్యీ, యాటమాంసం, ఆ వస్తాదుల తిండంతా మగాళ్లకే పెట్టేవాళ్లు. మేం నూరామే గాని నోట్లో పెట్టుకోలేదు." ఆవిడ ఇంకేదో చెప్పబోయింది, విలాస్ చొక్కా గుండీలు పెట్టుకోవడం రాక అవస్థ పడుతుంటే నేను అటు తిరిగాను.

గంటా పదిహేను. చలికి కాదు, ఊరికే పళ్లు కొట్టుకుంటున్నాయి, లవంగం దవడ కింద నుంచి నాలుక మీదికొచ్చింది, మళ్లీ వెనక్కి తోశాను. మూడు వారాలుగా ఎడమవైపు కింది పన్ను ఒకటి ప్రాణం తీస్తోంది. కూర్చుని లంగోటాలు కుట్టుకుంటున్నంతసేపూ ఏమీ ఉండదు, కుట్టుమిషను నా బతుకు, ఊళ్లో సగం తాలింఖానాలకు లంగోటాలు నావే, మిషను ముందు ఎనిమిది గంటలు కూర్చుంటాను, పన్ను చప్పుడు చేయదు. లేచి సరుకుల సంచీ పట్టుకుని మెట్లెక్కితే చాలు, దవడంతా లాగేస్తుంది, చెవి దాకా పోతుంది. సాయంత్రం ఐదింటికి పన్ను పీకే డాక్టరు దగ్గరికి రమ్మన్నారు, మంగలే ఫోన్ చేసింది. మా గోదత్తకూ ఇంతే. ఆబాకి అక్క, పద్దెనిమిదో ఏట మొగుడు పోయి పుట్టింటికొచ్చేసింది, వచ్చిన మర్నాడే ఆవిడ చేతికి పొత్రం ఇచ్చారు. తెల్లవారుజామున లేచి తమ్ముళ్లిద్దరికీ బాదం, గసగసాలు నూరేది, ముప్పై ఏళ్లు నూరింది, ఆ రోలు నడుమ గుంట పడింది. రోలు కడిగిన తెల్లనీళ్లు తులసి కోటలో పోసేసేది. "కాస్త నువ్వూ తాగత్తా" అంటే "మగాళ్ల బలం మనకెందుకే" అనేది. కుళాయి కింద ఉండేది, మా వాటా పైన. రెండు బకెట్లతో ఎక్కుతూ ఏడో మెట్టు దగ్గర బకెట్లు దించి దవడ పట్టుకుని నిలబడేది. కాసేపు నిలబడితే తగ్గేది, మళ్లీ ఎత్తుకునేది. "అత్త పన్ను మెట్లు లెక్కపెడుతోంది రోయ్" అని విలాస్ వెక్కిరించేవాడు, దవడ పట్టుకుని ఆవిడ లాగే నడిచి చూపించేవాడు, అందరం పడి పడి నవ్వేవాళ్లం, అత్త కూడా నవ్వేది, పాపం. పళ్లు పీకించారు. ఒక ఎండాకాలంలో మూడు.

"ఏం కుందా, వస్తాదు ఇంకా రాలేదా?"

పాటోళే మాస్టారు. మునిసిపల్ స్కూల్లో డ్రిల్లు నేర్పి రిటైరైనవాడు, మంకీ క్యాపులోంచి కళ్లూ ముక్కూ మాత్రమే కనబడుతున్నాయి, రోజూ విలాస్ వెనకే నడుస్తాడు.

"మీ వెనకా లేడా మాస్టారూ?"

"సంధ్యామఠం దాకా నా ముందే ఉన్నాడమ్మా. చెప్పులో రాయి దూరితే తీసుకుందామని వంగాను, లేచేసరికి మనిషి లేడు. కంగారు పడకు, తొంభై కిలోల మనిషి చెరువులో పడితే ఆ చప్పుడికి బాతులన్నీ లేవవూ!"

"ఎనభై ఒకటి మాస్టారూ. తొమ్మిది కిలోలు తగ్గాడు."

"అది నీ చలవే. నీ బుగ్గేమిటి అలా ఉంది?"

"పన్ను. లవంగం పెట్టాను. సాయంత్రం పీకించేస్తున్నాను."

"నువ్వూ లేచి ఒక చుట్టు నడవొచ్చు కదమ్మా, రోజూ గోడకి కాపలా కాస్తావు?"

"నేను నడిస్తే ఇక్కడ వీణ్ణి ఎవరు కనిపెట్టుకుంటారు?" అన్నాను. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. కనిపెట్టుకున్నదానివేగా, మరి వాడేడీ? సంధ్యామఠం దగ్గర మాయమయ్యాడంటే ఎటు పోయాడు, కళ్లు తిరిగి పొదల్లో కూర్చున్నాడా, రొమ్ములో బరువుగా ఉంటే ఆగమని చెప్పాను, ఆగి కూర్చోమని చెప్పాను, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఎప్పుడూ జేబులో ఉండాలని చెప్పాను, ఆ మాత్ర, అయ్యో, నిన్నటి చొక్కా జేబులో ఉండిపోయింది, కేకు పూసిన చొక్కా, రాత్రి బకెట్లో నానేసినది నేనే. నా నడుము సంచీలో ఇంకో మాత్ర ఉంది, తడిమి చూసుకున్నాను, ఉంది. ఇక్కడ నా దగ్గర ఉండి ఏం లాభం. ఆబా దగ్గర గడప అడ్డమొచ్చింది, ఇక్కడ ఏం అడ్డమొచ్చిందని కూర్చున్నాను? నీళ్ల సీసా, ఫోను, శాలువా అన్నీ సంచీలో కుక్కి లేచాను, వాడు వచ్చే దారికి ఎదురు నడవడం మొదలుపెట్టాను.

మంచు నీళ్ల మీద నుంచి లేస్తోంది, కుక్కని లాక్కుంటూ ఒకావిడ, మూకుమ్మడిగా నవ్వు వ్యాయామం చేసే ముసలాళ్లు, హా హా హా అని చేతులెత్తి, ఈ పొద్దున మీకు నవ్వెలా వస్తోందయ్యా, అటుకుల బండి దగ్గర పోపు వాసన, ఉల్లిపాయ, ఆకలేస్తోంది, ఇలాంటప్పుడు కూడా ఆకలేమిటి నాకు. గంగావేశ్‌కి వెళ్లాడేమో. ఎందుకు తట్టలేదు ఇంతసేపూ? సంధ్యామఠం పక్క సందులోంచి పోతే పది నిమిషాలు, అక్కడ పాలకట్ట ఉంది, గేదెల్ని రోడ్డు పక్కనే కట్టేసి ఎదురుగానే పిండి గ్లాసులో నురగతో చేతికిస్తారు, వస్తాదులు వరసగా నిలబడి గటగటా తాగేస్తారు. ఆబా రోజూ విలాస్‌ని భుజమ్మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు, ఖాళీ క్యాను మోస్తూ వెనక నేను. విలాస్‌కి గ్లాసు నిండా. నేను రోడ్డుకి ఇవతల నిలబడేదాన్ని. "ఆడపిల్ల తాగితే మీసాలొస్తాయి" అని పాలవాడు నవ్వేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆబా తన మీసానికంటిన నురగ వేలితో తీసి నా నాలుక మీద రాశాడు. వెచ్చగా ఉంది, గేదె వాసన వేసింది, నాకు కన్నీళ్లొచ్చాయి, ఎందుకో ఇప్పటికీ తెలీదు. పాలు తాగడానికే వెళ్లి ఉంటే వాణ్ణి చంపేస్తాను. పాలు తాగడానికే వెళ్లి ఉంటే బావుణ్ణు, దేవుడా, పాలే తాగుతూ ఉండనీ, రెండు గ్లాసులు తాగనీ, మీగడతో తాగనీ, మనిషి కనబడితే చాలు.

దవడ లాగింది. నడక వేగం పెంచాను, ఇంకా లాగింది, చెవి కిందికి, మెడ పక్కకి దిగింది. వెధవ పన్ను, ఇదేనా నీకు సమయం. ఒడ్డు మీదికి ఎక్కే చోట పదో పన్నెండో మెట్లున్నాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎక్కాను, నాలుగు, ఐదు, ఆరు, ఏడో మెట్టు మీద ఇంక కాలు లేవలేదు. ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మెడ మీద చెమట, ఈ చలిలో. నిలబడ్డాను. ఒకటి రెండు నిమిషాలకు నెమ్మదిగా వదిలింది, దవడ మామూలైంది, నాలుకతో పన్ను తాకి చూశాను, నొక్కి చూశాను, ఏమీ లేదు. వేలు పెట్టి కదిపి చూశాను, రాయిలా ఉంది. అయితే మళ్లీ ఎక్కుదామని ఎనిమిది, తొమ్మిది. మళ్లీ లాగింది. ఆగాను. తగ్గింది. పన్నుకి మనం నడుస్తున్నామో, నిలబడ్డామో ఎలా తెలుస్తుంది?

ఎలా తెలుస్తుంది అని ఇంకోసారి అనుకున్నాను. అత్త పన్ను మెట్లు లెక్కపెడుతోంది రోయ్. ఏడో మెట్టు, బకెట్లు దించి, దవడ పట్టుకుని, కాసేపు నిలబడితే తగ్గేది. మూడు పళ్లు పీకించాక కూడా నొప్పి పోలేదు, నాలుగోది పీకిద్దామన్నారు. ఆ శ్రావణంలో ఒక పొద్దున మెట్ల మీద నుంచి బకెట్ దొర్లుకుంటూ కింద పడ్డ చప్పుడికి అందరం బయటికొచ్చాం, నీళ్లు మెట్లన్నీ దిగి వీధిలోకి పోతున్నాయి, అత్త ఎనిమిదో మెట్టు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, చెయ్యి దవడ మీదే ఉంది. పన్ను పీకిన చోట విషం ఎక్కిందన్నారు. ఎవరు అడిగినా నేనూ అదే చెప్పాను, పాతికేళ్లకు పైగా చెప్తున్నాను, గుండె అని ఒక్కడి నోట రాలేదు, గుండె వస్తాదులకు కదా వచ్చేది. గోదత్త జీవితంలో ఒక్క గుటక నెయ్యి తాగలేదు. ఒక్క గుటక బాదంపాలు తాగలేదు. వేళ్ల మీద లెక్కలో ఆవిడకు వేలే లేదు. డాక్టరమ్మ ఆ రోజు అడిగింది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది, మీ ఇంట్లో ఇంకెవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని, నేను టకటకా ముగ్గురి పేర్లు చెప్పి అంతే అన్నాను. అంతే అన్నాను. అత్తకి యాభై రెండు. నాకు యాభై ఒకటి. ఇన్నాళ్లూ వాడి వయసూ ఆబా వయసూ లెక్కపెడుతూ కూర్చున్నాను, నా వయసు ఎవరి పక్కన పెట్టి చూడాలో తట్టలేదు. వాడి గిన్నెలోంచి తీసిన ప్రతి గరిటె నూనె ఎక్కడికి పోయింది? పదకొండు నెలలు, నెలకి రెండు ఆదివారాలు. మీగడ రోజూ. నాకు భయం వేసింది, ఉన్నమాట చెప్తున్నాను, విలాస్ కోసం పడ్డ భయం కాదు ఇది, నా కోసం నేను పడ్డ భయం, ఇది నాకు కొత్త.

"అక్కా! గోడ వదిలి ఇక్కడిదాకా వచ్చావేంటి?"

పై మెట్టు మీద విలాస్. నిలువెత్తు మనిషి, ఎర్రటి స్వెట్టరు, మీసం మీద తెల్లటి నురగ అలాగే ఉంది, తుడుచుకోవాలన్న బుద్ధి కూడా లేదు. ఉన్నాడు. బతికే ఉన్నాడు. మెట్టు మీద కూర్చుండిపోయాను.

"తాగావా?" అన్నాను.

మీసం తడుముకున్నాడు, దొరికిపోయిన మొహం పెట్టాడు. "అర గ్లాసే అక్కా. ఒట్టు, సగం పక్కవాడికిచ్చేశాను. నిన్నటి నుంచి ఆబా కన్నా పెద్దవాణ్ణి కదా, రాత్రంతా అదేదోలా ఉంది. ఒక్కసారి ఆయన నిలబడే చోట నిలబడాలనిపించింది. తిట్టు, ఎంత కావాలంటే అంత తిట్టు, రేపు రెండు చుట్లు తిరుగుతాను." రెండు మెట్లు దిగి వంగి చూశాడు. "తిట్టవేం? ఏంటలా ఉన్నావ్, దవడ పట్టుకున్నావేం?"

"పన్ను" అన్నాను. నేను అనలేదు, ఆ మాటే వచ్చేసింది, మా ఇంట్లో ఆడవాళ్ల నోట సిద్ధంగా ఉండే మాట.

"సాయంత్రం పీకించేస్తే పోతుందిలే. పద, చలిగా ఉంది." చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి పట్టుకుని లేస్తే సరిపోతుంది. నమ్మేస్తాడు, మేమందరం అప్పుడు నమ్మలేదూ. ఇంటికెళ్లి వాడికి జావ కాచాలి, వాడి మాత్రలు తీసి పెట్టాలి, సాంగ్లీ వాళ్లకి నలభై లంగోటాలు శుక్రవారానికి కావాలి, నేను మంచమెక్కితే వాడి గిన్నెలో నూనె ఎవరు తీస్తారు, మంగల్ వాడు అడిగితే కాదనలేదు, పొగాకు మళ్లీ మొదలెడతాడు, ఆదివారాలు నాలుగవుతాయి, సాయంత్రం దాకా ఆగి చూద్దాం, పీకించి చూద్దాం, ఒకవేళ నిజంగానే పన్నేమో. అత్త కూడా ఇలాగే అనుకుని ఉంటుంది, నూరాల్సిన బాదం గుర్తొచ్చి మళ్లీ బకెట్లు ఎత్తుకుని ఉంటుంది. నోట్లో లవంగం చేదుగా ఉంది. పక్కకి తిరిగి ఉమ్మేశాను.

"పన్ను కాదురా విలాస్."

వాడు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వాడి మొహంలో ముందు నవ్వు పోయింది, తర్వాత రంగు పోయింది. నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పదకొండు నెలలుగా రోజూ పొద్దున నేను వాణ్ణి అడిగే ప్రశ్నలు, వాడు విసుక్కునే ప్రశ్నలు, అదే వరసలో అడిగాడు. "రొమ్ములో బరువుగా ఉందా? చెయ్యి లాగుతోందా? చెమట పట్టిందా? నడిస్తే వస్తోందా, కూర్చుంటే పోతోందా?" దేనికీ విసుక్కోకుండా జవాబు చెప్పాను. "ఎన్నాళ్ల నుంచి?" "మూడు వారాలు." "మూడు వారాలా? మూడు వారాల నుంచి నోట్లో లవంగం పెట్టుకుని నా ఉప్పు తూకం వేస్తున్నావా?" పరిగెత్తుకుంటూ వెళ్లి రోడ్డు మీద రిక్షా ఆపాడు, వద్దురా, పరిగెత్తకు అని అరిచాను, వాడు వినిపించుకోలేదు. నేను లేవబోతే, "నడవకు" అన్నాడు. "తొమ్మిది మెట్లే కదరా." "నడవకన్నానా? నోరు మూసుకుని చెప్పినట్టు విను." నా మాటలే, నా గొంతుతోనే. గదలు మోసిన చేతులతో నన్ను ఎత్తుకుని మెట్లు దిగాడు, చూసేవాళ్లు చూశారు, వస్తాదు సంగతి చూద్దామని నా వెనకే వచ్చిన మాస్టారు మంకీ క్యాపు తీసేసి నిలబడ్డాడు.

రిక్షాలో నా సంచీలోంచి తీసి వాడి శాలువా వాడే నాకు కప్పాడు. ఫోను తీసుకుని ఆసుపత్రికి చేశాడు, వాళ్లు చెప్పినట్టు నా నడుము సంచీలోని మాత్ర నా నాలుక కింద పెట్టాడు, మంగల్‌కి చేశాడు, సాయంత్రం పన్ను డాక్టరు దగ్గరికి రామని చెప్పమన్నాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలీక ఊరికే నా భుజం నిమురుతున్నాడు. "నీకేం కాదక్కా," అన్నాడు. "నువ్వెప్పుడూ నెయ్యి తాగలేదు కదా."

నేను వాడి కుడిచెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. చిటికెన వేలు మడిచాను, ఉంగరం వేలు మడిచాను, నడిమి వేలు మడిచాను. చూపుడు వేలు దగ్గరికొచ్చేసరికి వాడి చెయ్యి బిగుసుకుంది, చిన్నప్పటి నుంచీ అది తనదనుకున్నాడు.

"ఇది గోదత్తది," అన్నాను, మడిచాను.

వాడు నా వైపు తిరిగాడు. "మెట్లు," అన్నాడు మెల్లగా. "మెట్ల మీద అత్తను నేను..." మీసం మీద నురగ ఆరిపోయి తెల్లగా మరక కట్టింది, దాని మీదికి కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి వాడి చెయ్యి నేను వదలలేదు. రిక్షా కుదుపుతోంది, దవడ నెమ్మదిగా ఉంది. ఇంకా ఒక్క బొటనవేలు మిగిలింది, దాన్ని ఇద్దరం చూస్తున్నాం. మడవనివ్వకుండా, ఆసుపత్రి గేటు దాకా, దాన్ని పిడికిట్లో గట్టిగా పట్టుకున్నాను.